గులాబీ చార

పెళ్లిళ్లలో "కదలకండి, ఇటు చూడండి" అని అరిచి అరిచి గొంతు అరగదీసుకున్న ఫొటోగ్రాఫర్ని నేను. అలాంటి నేను చిలకలూరిపేట హైవే పక్కన గోకార్ట్ అనే బుల్లి రేసుకార్ల ట్రాక్ అంచున నిలబడి "ఆగమాకు బావా, పోనీ!" అని కేకలు పెడుతున్నాను.

మా అక్కమొగుడికి కెమెరా కనిపిస్తే చాలు, బ్రేకు తొక్కి, హెల్మెట్ అద్దం పైకెత్తి, మీసం దువ్వి, పీటల మీద పెళ్లికొడుకులా బిగుసుకుపోతున్నాడు. వెనకొచ్చే కార్టులవాళ్లు తిట్టిపోస్తున్నారు.

"ఏందిరా బామ్మర్దీ, కదిలితే ఫొటో చెడిపోద్దని మా పెళ్లిలో నువ్వేగా చెప్పావు!"

ఎట్లాగో ఒప్పించాను. షట్టర్ వేగం బాగా తగ్గించి, కాళ్లు కదపకుండా, కార్టుతోపాటే నడుము తిప్పుతూ నొక్కాను. మొదటి ఫొటో అంతా మసక. తర్వాతది ఉత్త టైరు. ఆ తర్వాత పడిందయ్యా ఒకటి, అక్కడే గంతులేశాను! బావ హెల్మెట్ మీది గీతలు కూడా చెక్కినట్టున్నాయి. వెనకాల కంచె, చెట్లు, జనం అన్నీ సాగిపోయి రంగు చారలయ్యాయి.

అక్క పరుగెత్తుకొచ్చింది. ఫొటోలో తనూ పడాలని కొత్త గులాబీరంగు చీర సర్దుకుని, అంతసేపూ కంచె దగ్గర నవ్వుతూ నిలబడిందట.

"నేనేదిరా?"

బావ తల వెనక సాగిన గులాబీ చార మీద వేలు పెట్టాను.

"ఒరేయ్, కదలకుండా నిలబడ్డ నన్ను చెరిపేసి, పరిగెత్తే మీ బావని నిలబెట్టావా? దిగమను ఆయన్ని. ఈసారి నేను తోల్తా!"