దిష్టికి మూసిన కామెంట్లు

చీరాల పక్క పల్లెలో జ్యోతిర్మయిని మొండిఘటం అంటారు. అది తిట్టో మెచ్చుకోలో అనేవాళ్ళకే తెలియదు. పత్తి చేలున్న ఇంటి నుంచి నేత ఇంటికి కోడలిగా వచ్చి, పట్టుబట్టి మగ్గం నేర్చింది. భర్త త్రినాథ్ నేసిన చీరలకు బేరగాళ్ళు రావడం మానేస్తే, ఫోను పట్టుకుని తనే వాటిని లోకానికి చూపించింది. పండుమిరప రంగు చీర వీడియో ఒకటి లక్షల మంది చూశారు. ఆ ఊపుతో ఇల్లు కొన్నాళ్ళు హాయిగా గడిచింది.

ఇప్పుడా వీడియోలు చూసే దిక్కు లేదు. వేలు వందలయ్యాయి, వందలు పదులయ్యాయి. రీచ్ పడిపోయిందని ఫోనే చెబుతోంది గానీ, ఎందుకు పడిందో చెప్పదు. నేసిన చీరలు పెట్టెలోనే ఉన్నాయి.

"ఈ పడుగు అయిపోగానే మగ్గం దించేస్తా జ్యోతీ. గుంటూరులో మిర్చి కోల్డ్ స్టోరేజీ దగ్గర వాచ్‌మన్ పనుందంట," అన్నాడు త్రినాథ్. మగ్గం మీద నిలువుగా సాగదీసిన దారాలే పడుగు. అవి ఉండగా మగ్గాన్ని కదిలించడం ఆ ఇంట్లో మహాపాపం. అయిపోయాక అడ్డేముంది?

"పడుగు అయ్యేలోపు నేను దారి చూస్తా. అందాకా మీరా మాట ఎత్తకండి," అంది జ్యోతిర్మయి.

రింగ్ లైటు తెచ్చింది. మగ్గం చప్పుడు తీసేసి సినిమా పాట పెట్టింది. పొద్దున పెట్టి చూసింది, సాయంత్రం పెట్టి చూసింది. అత్తగారు సుబ్బరావమ్మ చేత నాలుగు స్టెప్పులు వేయించబోయి చీపురుదెబ్బ త్రుటిలో తప్పించుకుంది. ఏదీ పారలేదు.

చివరికి ఒక మధ్యాహ్నం పాత వీడియోలూ కొత్తవీ వరసగా చూస్తూ కూర్చుంది. జారుడు మొదలైంది పండుమిరప చీర తర్వాతే. ఆ చీరకు పేరొచ్చిన వారంలోనే పడుగు దారాలు పుటుక్కున తెగాయి, సుబ్బరావమ్మకు జ్వరం తగిలింది. "నరుడి కంటికి నల్లరాయైనా పగులుద్ది! అంతమంది నోళ్ళలో పడితే దారాలు తెగవా?" అని ఆవిడ ఒకటే గోల. ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచి పొయ్యిలో వేసినా ఆవిడకు తృప్తి లేదు. ఆ పోరు పడలేక జ్యోతిర్మయి అప్పుడే కామెంట్లు మూసేసింది. దిష్టికి భయపడి కొనేవాళ్ళ నోళ్ళు కట్టేసిన వ్యాపారం ఇదొక్కటేనేమో!

అనుమానం తీర్చుకోడానికి, గుంటూరు బ్రాడీపేటలో బ్లౌజులు కుట్టే రహమతున్నీసాకు ఫోన్ చేసి, తన వీడియోలు కనబడుతున్నాయా అని అడిగింది. ఆవిడ ముందు నుంచీ చీరలు కొనే మనిషి.

"మొదట్లో కనబడేవమ్మా. మామిడిచిగురు రంగు అంచుతో నేస్తారా అని అడగబోతే రాసే చోటే లేదు. నాతో పనిలేదేమో అనుకుని పైకి తోసేశా. తర్వాత నీ వీడియోలు రావడమే మానేశాయి. అప్పుడైతే ఏదడిగినా మర్నాడు మగ్గం దగ్గరే చూపించేదానివి. మొన్నెవరో ఒకటి చూపించారు, ఇప్పుడేంటమ్మా ఆ పాటలూ నువ్వూ?"

జ్యోతిర్మయికి చెంప ఛెళ్ళుమన్నట్టయింది. సిగ్గేసింది, వెంటనే పట్టుదలా వచ్చింది. ఆ క్షణమే కామెంట్లు తెరిచింది.

"ఒసేయ్, దిష్టి కొడుద్దే!" అంది సుబ్బరావమ్మ.

"మగ్గమే లేకపోతే దేనికి కొడుతుంది అత్తయ్యా?"

జ్యోతిర్మయి ఫోను అత్తగారి చేతిలోనే పెట్టింది. "ఎవరి కన్ను మంచిదో ఎవరిది కాదో మీరే చూసి చెప్పండి."

ఇంకేం, కోతికి కొబ్బరికాయ దొరికినట్టే. రంగు పోతుందా అని ఎవరో రాస్తే, "వీళ్ళ మొహం, ఉతికి చూపిద్దాం పట్టు!" అని సుబ్బరావమ్మ చీర తీసుకుని కుళాయి దగ్గర కూర్చుంది. జ్యోతిర్మయి అదే వీడియో తీసింది. ఎవరేమడిగినా మర్నాటి వీడియో దానికి జవాబే. పాటలు పోయి మగ్గం చప్పుడు మళ్ళీ వచ్చింది. లక్షలేం రాలేదు. పదులు మెల్లగా వందలయ్యాయి, పెట్టెలో చీరలు కొన్ని కదిలాయి. త్రినాథ్ మాత్రం అవుననలేదు, కాదనలేదు. పడుగులో ఆఖరి చీర నేస్తూనే ఉన్నాడు.

అది కోసిన రోజు జ్యోతిర్మయి చీరాల వెళ్ళి పార్సిల్ పంపి వచ్చింది. దారి పొడుగునా భర్తతో పెట్టుకోవాల్సిన పోట్లాటే మనసులో వల్లించుకుంది.

గుమ్మంలోనే సుబ్బరావమ్మ ఎదురైంది. "ఎవత్తో 'అబ్బ, ఎంత బాగుందో' అని రాసిందే! ఉప్పు తేనా?"

"తెండి అత్తయ్యా. కామెంట్లు మాత్రం ముయ్యను," అంటూ లోపలికి అడుగుపెట్టి ఆగిపోయింది.

త్రినాథ్ మగ్గం ముందు వంగి కూర్చుని, పాత పడుగు కొసలకు కొత్త దారాలు ఒక్కొక్కటే అతుకుతున్నాడు. అంచు దారాలు మామిడిచిగురు రంగువి.

"మగ్గం దించుతానన్నారుగా?"

"గుంటూరావిడ ఈ అంచు అడిగిందన్నావుగా. అంచు మారాలంటే కొత్త పడుగు ఎక్కించక తప్పదు." అతను తలెత్తలేదు. "పడుగుండగా మగ్గం దించకూడదు మరి."

జ్యోతిర్మయికి కళ్ళు నిండాయి. ఫోను గూట్లో పెట్టి, అతని పక్కన కూర్చుని దారాలు అందించసాగింది.