సిరవార ఎక్స్‌రే గదిలో కంప్యూటర్

2022. తుంగభద్ర కాలువకు నీళ్లొదిలి, సిరవార చుట్టుపక్కల వరి నాట్లు పడుతున్న రోజులు. రాయచూరులో నాది కంప్యూటర్లు బాగుచేసే దుకాణం. మా నాన్న ధాన్యం కమీషన్ మీద అమ్మిపెట్టే అడ్తి నడిపిన గదిలోనే పెట్టుకున్నాను. చాలా ఏళ్లుగా ఇదే పని కాబట్టి మా చుట్టుపక్కల ఊళ్ల నుంచి కూడా ఫోన్లు వస్తుంటాయి. అందరూ చెప్పేది దాదాపు ఒకటే. స్లో అయింది, ఆన్ కావడానికి బాగా టైం పడుతోంది, ఒకసారి వచ్చి చూడండి. చాలామంది ఆ మాట నవ్వుతూనే చెబుతారు.

ఆ రోజు ఫోన్ చేసిన డాక్టర్ నవ్వలేదు. సిరవారలో ఆయనకు చిన్న నర్సింగ్ హోమ్ ఉంది. ఎక్స్‌రే గదిలోని కంప్యూటర్ ఆలస్యంగా ఆన్ అవుతోందనీ, ఆ రోజే రావాలనీ కన్నడంలో క్లుప్తంగా చెప్పి పెట్టేశాడు. అంతకుముందు ఆయన మిషన్లు నేనెప్పుడూ చూడలేదు. అవి అమర్చిన మనిషి బెంగుళూరు వెళ్లిపోయాడట.

మధ్యాహ్నం బస్సు దిగి వెళ్లేసరికి నర్సింగ్ హోమ్ ముందరి అద్దాలు పగిలి ఉన్నాయి. గాజు పెంకులు ఊడ్చి మూలకు పోశారు. పేషంట్ల కుర్చీలన్నీ ఖాళీ. మందులిచ్చే కౌంటర్లో ఉన్నతన్ని ఏమైందని అడిగితే, డాక్టర్ గది వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి చెప్పాడు.

ఊరి పక్కన ఒక క్యాంపు ఉంది. కోస్తా నుంచి కాలువ కింద వ్యవసాయానికి వచ్చి స్థిరపడినవాళ్ల ఊళ్లను మా వైపు క్యాంపులంటారు. అక్కడి శ్రీను అనే యువకుడు ఆ వారమే పొలంలో దమ్ము చేస్తుంటే ట్రాక్టర్ బురదలో దిగబడింది. బలవంతంగా ఎక్కించబోతే ముందు భాగం పైకి లేచి వెనక్కి పడింది. స్టీరింగ్ రొమ్మును నొక్కేసింది. బయటికి లాగి తండ్రి ఇక్కడికి తెచ్చాడు. శ్రీను తండ్రి భుజం పట్టుకుని నడిచే లోపలికి వచ్చాడు, మాట్లాడుతూనే ఉన్నాడు. ఎక్స్‌రే చూశాక రాయచూరు పంపాలో వద్దో చెబుతానన్నాడు డాక్టర్. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. జనరేటర్ వేశారు, లైట్లొచ్చాయి, ఫ్యాన్లు తిరిగాయి. ఎక్స్‌రే గదిలో కంప్యూటర్ మాత్రం ఆన్ కాలేదు. ఇప్పుడొస్తుంది, ఇప్పుడొస్తుంది అంటూ ఉండగా శ్రీనుకు ఊపిరి అందడం కష్టమైంది. చివరికి ఎక్స్‌రే లేకుండానే అంబులెన్స్ ఎక్కించారు. రాయచూరు చేరకముందే ప్రాణం పోయింది.

మరుసటి రోజు క్యాంపు వాళ్లు వచ్చి అద్దాలు పగలగొట్టారు. తప్పంతా ఎక్స్‌రే తీసే నాగమణిదే అన్నారు. ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతూ గదిలోకి ఆలస్యంగా వచ్చిందని, మిషన్ సరిగ్గా వేయలేదని ఊరంతా పాకింది. డాక్టర్ ఆ మాటను కాదనలేదు. ఆమెను పనికి రావద్దని మాత్రం చెప్పాడు.

ఇదంతా విన్నాక డాక్టర్ గదిలోకి వెళ్లాను. నిద్ర లేని కళ్లు. మిషన్ బాగుచేస్తే మళ్లీ పని మొదలుపెట్టుకుంటానన్నాడు. లేచి మిషన్ ఉన్న గది చూపించాడు.

ఈ రోజుల్లో ఎక్స్‌రేకు ఫిల్ము కడిగే పని లేదు. బొమ్మ నేరుగా కంప్యూటర్లోకి వస్తుంది. కాబట్టి కంప్యూటర్ ఆన్ కాకపోతే పక్కనున్న మిషన్ ఎంత ఖరీదైనదైనా అక్కరకు రాదు. నేను బటన్ నొక్కి స్టూలు మీద కూర్చున్నాను. కంపెనీ గుర్తు వచ్చి అక్కడే ఆగిపోయింది. డబ్బాకు చెవి ఆనిస్తే లోపల టిక్ టిక్ మని చప్పుడు, కాసేపు ఆగి మళ్లీ అదే చప్పుడు. చాలాసేపటికి నల్లటి స్క్రీన్ మీద తెల్లటి అక్షరాలతో ఒక వరుస కనబడింది. రెండో డ్రైవ్ జవాబివ్వడం లేదని దాని అర్థం. అది దాటాక విండోస్ మొదలై, మళ్లీ అదే డ్రైవ్ కోసం వెతుకుతూ ఇంకాసేపు ఆగిపోయింది.

డబ్బా విప్పాను. లోపల రెండు హార్డ్ డిస్కులున్నాయి. మొదటి దానిలో విండోస్, ఎక్స్‌రే ప్రోగ్రాం. అది బాగానే ఉంది. పాత బొమ్మలు నిండిపోతుంటే ఎవరో తర్వాత రెండో డిస్కు తగిలించారు, చెడిపోయింది అది. కంప్యూటర్ ఆన్ కాగానే మొదట బయోస్ అనే చిన్న ప్రోగ్రాం నడుస్తుంది. ఏయే డిస్కులున్నాయో పిలిచి చూసుకోవడం దాని పని. డిస్కు పూర్తిగా చచ్చిపోతే నయం, లేదనుకుని ముందుకు పోతుంది. సగం చచ్చిన డిస్కుతోనే చిక్కు. ఉన్నానంటుంది, వివరాలడిగితే జవాబివ్వదు. బయోస్ ఆగుతుంది, మళ్లీ అడుగుతుంది, మళ్లీ ఆగుతుంది.

అంత ఆలస్యమయ్యే మిషన్‌ను ఇన్నాళ్లూ ఎవరూ ఎందుకు పట్టించుకోలేదో నాకు అర్థం కాలేదు. రోజూ దాన్ని ఆన్ చేసే మనిషిని అడగాలన్నాను. డాక్టర్ తన ఫోన్లో వెతికి నంబర్ ఇచ్చాడు.

నాగమణిది సిరవారే. ఫోన్ చేసి నేనెవరో చెప్పగానే ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. ఎన్నోసార్లు చెప్పి చెప్పి అలసిపోయిన గొంతుతో మాట్లాడింది.

"నేను దవాఖాన లోపట్నే ఉంటి అన్నా. కరెంట్ పోంగనే ఉరికొస్తి, జనరేటర్ ఏయంగనే బటన్ ఒత్తితి. అది ఎప్పుడూ గట్లనే లేట్ చేస్తది. నడుమ ఆపి మల్ల ఒత్తితే మల్ల మొదటికొస్తది. అందుకే ఒత్తకుండ నిలవడ్డ. ఫోన్ చేతుల ఉండె, నిజమే. ఆ మిషన్ పెట్టినాయనకే చేస్తుంటి, ఏం జేయాలె అని అడగనీకి. ఆయన ఎత్తలే."

మిగతాది కూడా ఆమే చెప్పింది. పొద్దున రాగానే, గది ఊడ్చక ముందే కంప్యూటర్ ఆన్ చేసేది. పేషంట్లు వచ్చే వేళకు అది సిద్ధంగా ఉండేది. సాయంత్రం దాకా ఆపేది కాదు. కరెంటు పోయినా కంప్యూటర్ ఆగకుండా చూసే యూపీఎస్ ఒకటుంది కానీ, దాని బ్యాటరీ ఎప్పుడో పోయింది. ఈ రెండూ డాక్టర్‌కు చాలాసార్లు చెప్పింది. చూద్దాంలే, పని నడుస్తోంది కదా అన్నాడట. ఆమె పొద్దున్నే వచ్చి ఆన్ చేసుకుంటున్నన్నాళ్లూ ఆ జబ్బు ఇంకెవరి కంటా పడలేదు.

ఫోన్ పెట్టేసి తిరిగేసరికి గుమ్మంలో ఒక పెద్దాయన నిలబడి ఉన్నాడు. తెల్ల పంచె, భుజాన తువ్వాలు, గడ్డం మాసి ఉంది. వెనక డాక్టర్. ఆయన శ్రీను తండ్రి వెంకటరత్నం గారని, రాయచూరు నుంచి మెకానిక్ వచ్చాడని తెలిసి వచ్చారని డాక్టరే చెప్పాడు. పెద్దాయన డాక్టర్ వైపు చూడలేదు. నాతోనే మాట్లాడారు.

"ఏవండీ, మిషను బాగానే ఉందన్నారండి. ఆ అమ్మాయి ఫోన్లో ఉండి వేయలేదన్నారు. మీరు తెలిసినోరు. నాకు నిజం చెప్పండి."

డాక్టర్ నా మొహం చూస్తున్నాడు. నోటిమాటగా ఏం చెప్పినా, నన్ను పిలిపించినవాళ్ల పక్షాన చెప్పానని పెద్దాయన అనుకోవచ్చు, లేదా ఆ అమ్మాయి పక్షాన చెప్పానని డాక్టర్ అనుకోవచ్చు. రెండో డిస్కు ఇంకా పీకలేదు. మీరే చూడండి పెద్దాయనా అని కంప్యూటర్ ఆపి, ఆయన ముందే మళ్లీ బటన్ నొక్కాను.

కంపెనీ గుర్తు వచ్చి ఆగిపోయింది. ముగ్గురం నిలబడ్డాం. గదిలో డబ్బా లోపలి టిక్ టిక్ తప్ప ఇంకో చప్పుడు లేదు. కొంతసేపు గడిచాక పెద్దాయన పేషంట్ల బల్ల అంచున కూర్చున్నారు. నేను చాలా ఇళ్లలో, ఆఫీసుల్లో ఇలాంటి స్క్రీన్ల ముందు కూర్చున్నాను. అది వచ్చేలోపు టీ తాగుతాం, ఊసులాడుకుంటాం. ఆ రోజు మాత్రం అది తొందరగా రావాలనుకోవడం న్యాయమో, ఆలస్యంగా రావాలనుకోవడం న్యాయమో నాకు తెలియలేదు.

స్క్రీన్ ఇంకా కదలకముందే పెద్దాయన మెల్లగా అన్నారు.

"ఇక్కడే కూర్చోబెట్టామండి. నా మీదకి ఒరిగి ఉన్నాడు. ఇంకా ఎంతసేపు నాన్నా అన్నాడు. వచ్చేస్తుందిరా, కాసేపు ఓర్చుకో అన్నాను. అలా ఎన్నిసార్లు అన్నానో."

డాక్టర్ గోడకు ఆనుకుని నేల చూపులు చూస్తున్నాడు. చివరికి తెల్ల అక్షరాల వరుస వచ్చింది, తర్వాత విండోస్ వచ్చి మళ్లీ ఆగింది. ఎక్స్‌రే ప్రోగ్రాం తెరుచుకునేసరికి పెద్దాయన లేచి నిలబడ్డారు. అయితే ఆ అమ్మాయి అబద్ధం చెప్పలేదన్నమాట, అన్నారు. లేదన్నాను. దీన్ని ఇప్పుడేం చేస్తారని అడిగారు.

చూపించకుండా ఉంటే బాగుండేదని ఇప్పటికీ కొన్నిసార్లు అనిపిస్తుంది. కానీ అడిగారు. డిస్కుకూ మదర్‌బోర్డుకూ మధ్య చదునుగా, సన్నగా ఒక వైరు ఉంటుంది. సాటా కేబుల్ అంటాం. కరెంటు ఆపి, చెడిపోయిన డిస్కు నుంచి ఆ కేబుల్ వేళ్లతో పీకాను. స్క్రూడ్రైవర్ కూడా అక్కర్లేదు. మళ్లీ బటన్ నొక్కాను. కంపెనీ గుర్తు వచ్చింది, పోయింది, విండోస్ వచ్చింది. ఆయన భుజం మీది తువ్వాలు సర్దుకునేలోపు ఎక్స్‌రే ప్రోగ్రాం తెరుచుకుంది.

"ఇంతేనా అండి?"

"ఇంతే పెద్దాయనా."

ఆయన అరుస్తారనుకున్నాను. ఊడిన కేబుల్ కొసను కాసేపు చూసి, దాన్ని ముట్టుకోకుండా వెనక్కి జరిగారు. అప్పుడు డాక్టర్ మాట్లాడాడు. కన్నడం వదిలి, వచ్చీరాని తెలుగులో, ఒక్కో మాట వెతుక్కుంటూ చెప్పాడు.

"ఆ అమ్మాయి నాకు చాలాసార్లు చెప్పింది. నేనే వినలేదు. ఎక్స్‌రే కోసం ఆగమన్నది కూడా నేనే. ముందే పంపించి ఉండాల్సింది."

"ఆ మాట మా క్యాంపులో వచ్చి చెప్పండి," అన్నారు పెద్దాయన. "మావాళ్లు ఆ పిల్లని అనరాని మాటలన్నారు."

డాక్టర్ సరేనన్నాడు. వెళ్లాడో లేదో నేను చూడలేదు. వెళ్లాడని కొందరు, లేదని కొందరు చెప్పారు. వెంకటరత్నం గారు మాత్రం ఆ సాయంత్రమే నాగమణి ఇంటికి వెళ్లారు. ఆ సంగతి ఆమే కొన్ని నెలల తర్వాత నాతో చెప్పింది. ఆయన గడప బయటే నిలబడి, మావాళ్లు తప్పుగా మాట్లాడారమ్మా అన్నారట. లోపలికి రమ్మంటే రాలేదట. డాక్టర్ మళ్లీ పనికి పిలిచినా ఆమె పోలేదు. ఆ గదిలోకి అడుగు పెడితే ఆ అబ్బాయి ఊపిరి చప్పుడే వినబడుతుందంది. ఇప్పుడు దేవదుర్గ వైపు ఒక ప్రైవేటు బడి ఆఫీసులో పనిచేస్తోంది. ఎక్స్‌రే పని పూర్తిగా వదిలేసింది.

ముందే పంపించి ఉంటే శ్రీను బతికేవాడా? నాకు తెలిసిన రాయచూరు డాక్టర్ ఒకాయన్ని అడిగాను. పక్కటెముక విరిగి ఊపిరితిత్తికి గుచ్చుకుని ఉండొచ్చు, గుండెకే దెబ్బ తగిలి ఉండొచ్చు, చూడకుండా ఎవరూ చెప్పలేరన్నాడు. చూడటానికే కదా ఆ మిషన్. ఆ జవాబుతో ఆ తండ్రికి ఒరిగేదేమీ లేదని మళ్లీ సిరవార వెళ్లినప్పుడు కూడా ఆయనకు చెప్పలేదు.

ఆ చెడిపోయిన డిస్కులో పాత ఎక్స్‌రేలు చాలావరకు పోయాయి. అందిన కొన్నింటిని కొత్త డిస్కులోకి ఎక్కించి ఇచ్చాను. యూపీఎస్‌కు బ్యాటరీ వేయించాను. నేను చేయగలిగింది అంతే.

ఈ పనిలో కొత్తగా చేరినవాళ్లకు నేను చెప్పేది ఒకటుంది. ఆలస్యంగా అయినా ఆన్ అయ్యే మిషన్, అసలు ఆన్ కాని మిషన్ కంటే ప్రమాదం. ఆన్ కానిదాన్ని ఆ రోజే బాగుచేయిస్తారు. ఆలస్యమయ్యేదానికి మాత్రం ఎవరో ఒకరు పొద్దున్నే వచ్చి, దాని బాధ తాము మోసి, పని నడిపిస్తుంటారు. యజమానికి అది బాగున్నట్టే కనిపిస్తుంది. అందుకే ఇప్పుడు ఏ ఆస్పత్రికి వెళ్లినా ముందు అక్కడి కంప్యూటర్ ఆన్ చేసే మనిషితో మాట్లాడతాను. ఆలస్యమవుతోందని ఆ మనిషి చెబితే యజమానిని పిలిచి, నడుస్తున్న కంప్యూటర్‌ను ఆపి, మళ్లీ ఆన్ చేసి, స్క్రీన్ వచ్చేదాకా పేషంట్ కూర్చునే చోట కూర్చోమంటాను. చాలామంది సగంలోనే లేచి కొత్త డిస్కు వేయమంటారు. కొందరు ఫోన్ చూసుకుంటూ కూర్చుని, పర్వాలేదు, వచ్చింది కదా అంటారు. అలాంటి చోట చెడిపోయిన డిస్కు కేబుల్ పీకకుండా నేను బయటికి రాను.