మందిరం బయట డ్రైవరమ్మ

సిటీ బస్సు నడిపే ఆవిడను డిపోలో అందరూ డ్రైవరమ్మ అనేవారు. కూతురిని తమ మతంవాళ్లు నడిపే ప్రైవేటు బడిలో చేర్చాలని ఆవిడ పట్టుదల. చదువు బాగుంటుందని అందరూ చెబుతారు, పైగా బడి గేటు డిపోకు ఎదురుగానే. భర్త ఇంట్లోనే బట్టలు కుడతాడు, ఆవిడ ఏమన్నా తలూపే మనిషి.

దరఖాస్తు అంతా నింపాక ఒక్కటి మిగిలింది. కుటుంబం క్రమం తప్పకుండా ప్రార్థనకు వస్తోందని మందిరం పెద్దాయన రాసివ్వాలి. డ్యూటీ దిగి, ఖాకీ చొక్కాతోనే వెళ్లి అడిగింది. ఆయన కళ్లజోడు సర్దుకున్నాడు.

"మీ ఆయన్నీ, పాపనీ చూస్తుంటానమ్మా. నిన్ను మాత్రం ఎప్పుడూ లోపల చూడలేదే!"

"ప్రార్థన రోజు స్పెషల్ బస్సు నాదేనండీ. ఇక్కడికొచ్చేవాళ్లలో సగం మందిని తెచ్చి దించేది నేనేగా. మీరూ అందులోనే వస్తారు."

ఆయన ఇబ్బందిగా నవ్వాడు. "అది ఉద్యోగం కదమ్మా. కొన్ని వారాలు లోపలికొచ్చి కూర్చో. అప్పుడు చూద్దాం."

ఆవిడకు ఒళ్లు మండింది. అయినా అవసరం తనది. డిపో మేనేజరును బతిమాలి డ్యూటీ మార్పించుకుంది. బదులుగా ముందురోజు రెండు షిఫ్టులూ నెత్తినేసుకుంది. తీరా మందిరంలో ఫ్యాను కింద కూర్చుందో లేదో, కళ్లు మూతలు పడ్డాయి. పక్కనున్న అత్తగారు మోచేత్తో పొడిచింది.

"గురక పెట్టకే తల్లీ! పాప సీటు కాస్తా పోతుంది."

కొన్నాళ్లకు ఉత్తరం చేతికొచ్చింది. తల్లి ఈ మధ్యనే రావడం మొదలుపెట్టిందని రాశాడు పెద్దాయన. అబద్ధం లేదు, కానీ ఆ నిజం ఎందుకూ పనికిరాలేదు. ఇంటర్వ్యూలో ప్రిన్సిపాలమ్మ సరిగ్గా ఆ ముక్క మీదే వేలు పెట్టింది.

"అడ్మిషన్ల ముందు భక్తి పుట్టుకొచ్చేవాళ్లను ఏటా చూస్తుంటామండీ."

"రాలేదని ఉత్తరం ఇవ్వనన్నారు. వస్తే, ఇప్పుడెందుకొచ్చావంటున్నారు. నన్నేం చెయ్యమంటారు మేడమ్?"

గొంతు వరండా దాకా వినిపించింది. భర్త చెయ్యి పట్టుకు లాగాడు. పాప మాత్రం నెమ్మదిగా, "అమ్మా, అరవకు. ఇది బస్సు కాదు," అంది. ప్రిన్సిపాలమ్మ కూడా నవ్వాపుకోలేకపోయింది. కానీ సీటు మాత్రం రాలేదు. వెయిటింగ్ లిస్టులో పెడతామన్నారు. బడులు తెరిచినా కబురు లేదు.

చివరికి పాపను ఇంటి దగ్గరి సర్కారు బడిలో వేశారు. రోజూ అత్తగారే దిగబెట్టి వస్తోంది. పాపకు మొదటి రోజే జట్టు దొరికింది. తల్లికే మనసు కుదుటపడలేదు. పొద్దున్నే బస్సు బయటకు తీస్తుంటే ఎదురు గేటులోకి పిల్లలు బిలబిలమంటూ వెళ్లేవారు. అప్పుడు అవసరం లేకపోయినా హారన్ మోగించేది.

ఒక ప్రార్థన రోజున పెద్దాయన బస్సెక్కి, ఆవిడ వెనకాలే నిలబడ్డాడు.

"వచ్చే ఏడు మళ్లీ పెట్టుకో అమ్మా. ఈలోగా మానకుండా వస్తూ ఉండు. ఈసారి బాగా రాసిస్తాను."

"ఇంక వద్దులెండి," అంటూ ఆవిడ గేరు మార్చింది. "కడ్డీ గట్టిగా పట్టుకోండి, మలుపొస్తోంది."