దర్వాజ నిలబెట్టిన రోజు

నలభై ఏళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. చిన్నదే. ఒక్క మాట. కాని మా ఇల్లు దాని మీదే నిలబడి ఉంది. ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఈ కాగితానికి చెబుతున్నాను.

పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడు, సూర్యాపేటలో మా పాత మట్టి ఇల్లు బాగుచేయడం మొదలుపెట్టాం. నాది ధాన్యం దుకాణం, పొద్దంతా అక్కడే. ఇంటి పని నా భార్యే చూసుకుంది. ముగ్గుపిండితో నేల మీద గదులు గీసింది. మేస్త్రీతో వాదించింది, నాతోనూ వాదించింది. వంటింటి కిటికీ దగ్గర మాటామాటా పెరిగి రెండు రోజులు మాట్లాడుకోలేదు. చివరికి ఆమె చెప్పిన చోటే పెట్టారు. ఆమె చెప్పిందే సరైంది కూడా. నన్ను మండించింది అదేనా? ఏమో. బజార్లో మాత్రం "సేఠ్, ఇల్లు నీదా, ఇంటామెదా?" అని నవ్వేవాళ్లు. నేనూ నవ్వేవాణ్ణి. లోపల ఉడికిపోయేవాణ్ణి.

ఇంటి ముందు గుమ్మానికి దర్వాజ నిలబెట్టేటప్పుడు దాని కింద నవధాన్యాలు పోయాల్సింది ఇంటి ఇల్లాలు. మా దుకాణంలో లేని ధాన్యం లేదు. అయినా ఆమె వినలేదు. పుట్టింటి చేలో పండినవే పోస్తానని కోదాడకు బయలుదేరింది. ముహూర్తానికి ఇంకా వారం ఉంది. "నేనొచ్చేదాకా దర్వాజ ముట్టనియ్యకండి" అని నవ్వుతూ బస్సెక్కింది. సరేనన్నాను.

మర్నాడే ముహూర్తం పెట్టిన అయ్యగారి దగ్గరికి వెళ్లి, ఇంకా ముందుగా మంచిరోజు చూడమన్నాను. ఎందుకని ఆయన అడగలేదు. మిర్యాలగూడ నుంచి మా అక్కను పిలిపించి, ఆమె చేత ధాన్యాలు పోయించాను, దుకాణం బస్తాల్లోంచి తీసినవి. ఇల్లు నాదేనని లోకానికి చూపించాలనుకున్నాను. లోకానికా, ఆమెకా? ఇన్నేళ్లుగా ఎన్నిసార్లు నన్ను నేను ప్రశ్నించుకున్నా, ఎంత తప్పించుకోవాలని చూసినా, జవాబు ఒకటే వస్తోంది. ఆమెకే. నన్ను నమ్మి బస్సెక్కిన మనిషికి ద్రోహం చేశాను.

నాలుగో రోజు పసుపు గుడ్డ మూటతో దిగింది. దర్వాజ ముందు ఆగిపోయింది.

"నిలబెట్టిన్రా?"

"అయ్యగారు ముహూర్తం ముందుకు జరిపిండు. నేనేం జెయ్యాలె?"

"ధాన్యం ఎవరు పోసిన్రు?"

"అక్క."

"ఒక్క కబురన్న పంపకపోతిరి."

"కబురు పంపెతందుకు యాళ్ల లేకుండె."

పోట్లాడుతుందనుకున్నాను. పోట్లాడి ఉంటే చెప్పేసేవాణ్ణేమో. ఆమె మూట పట్టుకుని, చుట్టూ తిరిగి పెరటి వైపు నుంచి లోపలికి వెళ్లింది.

మర్నాడు ఆ మూట విప్పి, వడ్లు, నువ్వులు వేరుచేసి పిచ్చుకలకు చల్లింది. మిగిలినవి నానబెట్టి, ఉడికించి గుడాలు చేసింది. పనివాళ్లకు పెట్టి, నాకూ ఆకులో పెట్టింది. ఉప్పు సరిపోయిందా అని అడిగింది. సరిపోయిందన్నాను. ఒక్క గింజ మిగల్చకుండా తిన్నాను.

ఆ రోజు నుంచి ఇంటి సంగతి ఏది అడిగినా "మీ ఇష్టం" అనేది. అటక ఎక్కడ? మీ ఇష్టం. గోడలకు ఏ రంగు? మీ ఇష్టం. నేను కోరుకున్నది అదే కదా! ఇల్లు నా ఒక్కడి ఇష్టంతో పూర్తయింది. కిటికీ గురించి మళ్లీ ఒక్కసారి ఆమె నాతో పోట్లాడితే చాలని ఎంత ఆశపడ్డానో చెప్పలేను.

ఆమెకు తెలుసా? అయ్యగారు ఆ తర్వాత ఎన్నోసార్లు మా ఇంటికి వచ్చాడు. ఆయన ఉన్నంతసేపు నేను పక్కనుంచి కదిలేవాణ్ణి కాదు, ఎక్కడ నోరు జారుతాడోనని. అది చూసైనా ఆమెకు అర్థమై ఉంటుంది.

ముహూర్తం ఆయన జరపలేదు. నేనే జరిపించాను. రాసేశాను కదా, ఊపిరి కాస్త తేలికగా ఆడుతోంది.

ఆమె ఇప్పుడు ఆ కిటికీ దగ్గరే కూర్చుని బియ్యం ఏరుతోంది. ఇందాక ఏం రాస్తున్నారని అడిగింది. ఉత్తరమన్నాను. ఎవరికని అడగలేదు. ఆమెకు చదువు రాదు. అది తెలిసే కాగితం మీద పెట్టాను.