దూది నీది, వాల్వు నాది

ఎవరూ అడగని తప్పును, ఎవరూ కనిపెట్టలేని తప్పును సోమ్లా తన నోటితో తానే ఎందుకు చెప్పాడు? ఇప్పటికీ నాకు అంతుపట్టదు.

సోమ్లాది జూలూరుపాడు శివారు తండా. కొత్తగూడెం రోడ్డు మీద మా ఇంటికి ఎదురుగా ఉన్న రేకుల షెడ్డులో ఇరవై రెండేళ్లు ట్రాక్టర్లు, జీపులు బాగుచేశాడు. చేయి మంచిది, నోరు చెడ్డది. పొగ కక్కే ట్రాక్టరుతో వచ్చిన రైతును చూసి, "ఇంజన్‌ల ఏం లేదు. నడిపేటోనికే బుర్ర లేదు" అనేవాడు. ఆ రైతు తిట్టుకుంటూ పోయి, మళ్లీ అతని దగ్గరికే వచ్చేవాడు. భార్య సక్రి పక్కనే టీ అమ్మేది. షెడ్డూ జాగా రెండూ మురళీకృష్ణవి. తండ్రి కాలంలో కృష్ణా జిల్లా నుంచి వచ్చి, మిర్చీ పత్తీ పండించి, పత్తి మిల్లు పెట్టిన కుటుంబం వాళ్లది.

నిరుడు మురళీకృష్ణ హైదరాబాదులో ఒక పాత స్పోర్ట్స్ కారు కొన్నాడు. ఎర్రది, రెండే సీట్లు, పాతికేళ్ల బండి. ఎండలు ముదరగానే చూడమని సోమ్లాకు అప్పగించాడు. మా వైపు మెకానిక్కులకు వేసవిలో ఒక అలవాటు ఉంది. ఇంజన్ వేడెక్కేదాకా రేడియేటరుకు నీళ్లు పోనివ్వని వాల్వు ఒకటుంటుంది. దాన్ని పీకేస్తారు. నీళ్లు ఆగకుండా తిరిగితే బండి చల్లగా ఉంటుందని వాళ్ల లెక్క. సోమ్లా కూడా పీకాడు.

వారం తిరక్కుండానే, ఖమ్మం వ్యాపారి ఒకాయన్ని పక్కన కూర్చోబెట్టుకుని మురళీకృష్ణ భద్రాచలం బయలుదేరాడు. పాల్వంచ దాటాక అడవి మధ్యలో కారు ఆవిరి కక్కి ఆగిపోయింది. ట్రాక్టరుకు తాడు కట్టి లాక్కొచ్చారు. ఊరి సెంటరులో ఎవరో, "సేటూ, దుక్కి దున్నుతదా ఇది?" అని అరిచారు. జనం నవ్వారు.

ఆ నవ్వు మోసుకుని మురళీకృష్ణ నేరుగా షెడ్డు ముందుకు వచ్చాడు.

"బండి నాశనం చేశావు కదరా! హెడ్ గ్యాస్కెట్ పోయిందంట. ఖమ్మం మెకానిక్ ఫోన్లోనే చెప్పాడు."

"ఫోన్ల కనబడ్డదా ఆయనకు?"

"నోరు ముయ్యి. రేపు సాయంత్రం దాకా టైము. నీ తప్పని తేలిందా, షెడ్డు ఖాళీ చెయ్యాలి."

మర్నాడు పొద్దున మురళీకృష్ణ కుర్చీ వేయించుకుని ఎదురుగా కూర్చున్నాడు. సోమ్లా చల్లటి ఇంజన్‌లో నీళ్లు నింపి, రేడియేటరు మూత తీసి ఉంచి స్టార్ట్ చేశాడు. గ్యాస్కెట్ పోతే నీళ్లలో బుడగలు లేస్తాయి. చాలాసేపు చూశాడు.

"బుడగల్లేవు. గ్యాస్కెట్ మంచిగున్నది. మీ ఫోన్ మెకానిక్‌కు చెప్పుర్రి."

తర్వాత, సక్రి దగ్గర టీ తాగుతున్న నా చేతిలోని పేపరు లాక్కుని ఒక షీటు చించాడు. లోపల ఫ్యాన్ తిరుగుతుండగా దాన్ని కారు ముందు జాలీకి ఆనించాడు. గాలి లాగితే కాగితం అతుక్కోవాలి. జారి కింద పడింది. జాలీ, బంపరు విప్పాడు. ఏసీ జాలీకీ రేడియేటరుకూ మధ్య దూది కంబళిలా గట్టిపడి ఉంది. కారును మిల్లులో పెట్టేవారు. పైకి కనిపించే దూదిని ముందు నుంచి ప్రెషర్ పంపుతో కొట్టేవారు. అదంతా లోపలికి పోయి బిగుసుకుంది.

సోమ్లా ఒక పొరను పీకి మురళీకృష్ణ కాళ్ల దగ్గర పడేశాడు. "పరుపు కుట్టిచ్చుకో సేటూ."

చూస్తున్నవాళ్లు కిసుక్కుమన్నారు. మురళీకృష్ణ మొహం కందింది. "సరే, మిల్లోళ్ల పని ఇది. వాళ్ల సంగతి నేను చూసుకుంటాలే" అని లేచాడు. నిన్నటి నుంచి బిగబట్టుకున్న సక్రి అప్పుడు ఊపిరి పీల్చుకుంది.

దూదంతా తీసి స్టార్ట్ చేస్తే ఈసారి కాగితం అతుక్కుంది. కారు బాగైపోయినట్టే. కానీ సోమ్లా రేడియేటరు కింది పైపు మీద చేయి పెట్టి అలాగే ఉండిపోయాడు. లోపల ఇంజన్ వేడి చూపే ముల్లు మెల్లగా ఎక్కుతోంది.

"ఇంకోటున్నది" అన్నాడు.

"ఏందయ్యా ఉన్నది? అయిపోయింది గద!" అంది సక్రి, పళ్లు బిగించి.

"ఇంజన్ కాలుతుంటే ఈ పైపు చల్లగున్నది. నీళ్లు రేడియేటర్‌కు సరిగ పోతలేవు. ఈ బండిల వాల్వుకు రెండు పనులు. రేడియేటర్ తొవ్వ తెరుస్తది, పక్క తొవ్వ మూస్తది. నేను పీకేసిన. వేడి నీళ్లు పక్క తొవ్వల పడి మళ్ల ఇంజన్‌లకే వస్తున్నయ్." మురళీకృష్ణ వైపు తిరిగాడు. "దూది నీది, వాల్వు నాది."

"నీ నోరు పడిపోను" అంది సక్రి.

సోమ్లా తను పీకేసిన పాత వాల్వును వెతికి తెచ్చి, టీ గిన్నెలో మరిగించి, అది వేడికి తెరుచుకోవడం చూసి బిగించాడు. కారును పాల్వంచ దాకా నడిపి తెచ్చాడు. ముల్లు మధ్యలోంచి కదల్లేదు.

మురళీకృష్ణ కారు తాళం జేబులో వేసుకున్నాడు. "అంటే తప్పు నీదేనని ఒప్పుకున్నావు. అందరూ విన్నారు. ఆదివారం కల్లా ఖాళీ."

దూది మాట ఎవరూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఆయన వెళ్లిపోయాక మాత్రం, "చెప్పకుంటే ఏమయ్యేది సోమ్లా?" అన్నాను.

"నువ్వు పేపర్ సదువుకో సార్. ఇంజన్ సంగతి నీకేం ఎరుక" అన్నాడు.

ఆదివారం దాకా ఆగలేదు. శనివారం మధ్యాహ్నం ట్రాలీ ఆటో తెచ్చి పానాలు, జాకీలు, బెంచీ ఎక్కించాడు. సక్రి స్టవ్వు ఒళ్లో పెట్టుకుని వెనక కూర్చుంది. నేను గేటు దాకా వెళ్లి నిలబడ్డాను. సోమ్లా డ్రైవరు పక్కన ఎక్కి, రోడ్డు వైపు చూస్తూ "పోనియ్" అన్నాడు.