కాయిదం అడగని ఇల్లు

అవ్వ పోయిందన్న కబురుతో పాటు నాకొక ప్రశ్న కూడా వచ్చింది. పొద్దున తొమ్మిది దాటింది. బడికి ఎండాకాలం సెలవులు కాబట్టి ఇంట్లోనే ఉన్నాను. అవ్వ కొడుకు ఫోన్ చేశాడు. "అక్కా, అమ్మ పోయింది. దవాఖాన నుంచి తెస్తున్నం. ఎక్కడ దించాలె?"

ఎక్కడ దించాలేమిటి? బౌరంపేటలో అతనికి సొంత ఫ్లాటుంది. తూంకుంటలో, మా ఇంటికి ఎదురుగా, అవ్వ కట్టించుకున్న ఇల్లుంది. రెండిళ్ళున్న మనిషిని ఎక్కడ దించాలో తెలియక ఆ ఫ్లాట్ల గేటు బయట ఎండలో అంబులెన్సు ఆపుకుని నిలబడ్డారు. ఫ్లాట్ల సంఘం వాళ్ళు శవాన్ని లోపలికి తేవద్దన్నారట. పిల్లలు జడుసుకుంటారట. లిఫ్టులో పట్టదట. రెండు నెలలుగా అదే లిఫ్టులో చక్రాల కుర్చీ మీద ఎక్కి దిగిన మనిషి, ఊపిరి ఆగేసరికి పట్టకుండా పోయింది!

అవ్వ ఎవరికీ పెద్దమనిషి కాదు. షామీర్‌పేట చెరువు చేపలు గంపలో పెట్టుకుని మేడ్చల్ రోడ్డు వెంట సుచిత్ర దాకా తిరిగి అమ్మింది. సుచిత్ర దగ్గర ఒక గదిలో కిరాయికి ఉన్నప్పుడు భర్త పోయాడు. ఇంటి ఓనరు గుమ్మానికి అడ్డంగా నిలబడి, "కిరాయి ఇంట్ల శవం పెట్టనియ్య" అన్నాడు. మన దగ్గర ఇది కొత్తేమీ కాదు. ఓనర్లందరూ కూడబలుక్కుని రాసుకున్న చట్టం. ఆ రోజు వాన. రోడ్డు పక్కన తాటిపత్రి పట్టా కట్టి దాని కింద మనిషిని పడుకోబెట్టారు. ఆ సంగతి ఎప్పుడు చెప్పినా అవ్వ ఇదే మాట అనేది. "చెరువుల వల ఏసి బతికిన మనిషి. ఆఖరుకు మోరీ నీళ్ళల్ల పండవెట్టిన్రు బిడ్డా."

అందుకే ఇల్లు కట్టుకున్నాక ఆమె పెట్టుకున్న నియమం ఒక్కటే. "ఇల్లంటె అండ్ల పుట్టొచ్చు, సావొచ్చు. రెండూ వద్దంటె అది ఇల్లెట్లయితది? బస్టాండయితది."

ఆ ఇంటి పై పోర్షన్‌లోకి పోయిన వానాకాలం ఒక సైనిక జంట దిగింది. తూర్పు ఆఫ్రికా నుంచి వచ్చారు. ఆయన తమ దేశపు సైన్యంలో మేజరు. ఇక్కడ ఏడాది చదువు కోసం పంపారు. ఆవిడ అదే సైన్యంలో నర్సు, కెప్టెన్ హోదా. అప్పటికి ఐదో నెల గర్భిణి. క్వార్టర్ దొరకలేదు కనుక బయట ఇల్లు వెతుక్కోమన్నారు. వెతుక్కోమనడం తేలికే. రంగు చూసి కొందరు, మాంసం వండుతారని కొందరు, పురుడు పడితే మైల అని కొందరు తలుపులు వేసుకున్నారు.

అందరినీ అంటున్నాను గాని, వాళ్ళు ముందు వచ్చింది మా గేటు దగ్గరికే. ఇంగ్లీషు చెప్పే టీచరమ్మ ఉంటుందని ఎవరో చూపించారు. మా పై పోర్షన్ ఖాళీగానే ఉంది. మా ఆయన లోపలి నుంచి సైగ చేశాడు. "ఇచ్చేశామండీ" అన్నాను. ఆ కెప్టెన్ తల ఎత్తి పైన వేలాడుతున్న టులెట్ బోర్డును చూసింది, నన్ను చూసింది, థాంక్యూ అంది. ఆ థాంక్యూ నాకింకా అరగలేదు.

ఎదురింటి అరుగు మీద చేపలు తోముతున్న అవ్వ అంతా చూసింది. చేతులు కడుక్కోకుండానే లేచింది. "ఓ టీచరమ్మా, ఆ పొల్లను గిటు రమ్మను. నీల్లోసుకున్నది, ఎండల తిరుగుతాంది. నా పైన రెండర్రలున్నయని చెప్పు." తర్జుమా చేశాను. ఇంకేం మొహం పెట్టుకుని చేశానో నాకే తెలియాలి.

మొదటి వారమే ఒక పొరపాటు జరిగింది. అవ్వ చేపల పులుసు పంపింది. మర్నాడు మేజర్ గిన్నెను అద్దంలా తోమి, రెండు చేతులతో పట్టుకొచ్చి, ఖాళీగా అవ్వ చేతికిచ్చాడు. అవ్వ గిన్నెలోకి చూసింది. "ఉత్తగిన్నె వాపసిస్తరా ఎవలన్న? ఇంట్ల ఏం లేకపోతె గింత సక్కెరన్న ఎయ్యాలె!" అని గదమాయించింది. ఆయన సెల్యూట్ చేసినంత పని చేశాడు. ఆ తర్వాత ఏ గిన్నే ఖాళీగా తిరిగి రాలేదు. ఒకసారి ఒకే ఒక్క కోడిగుడ్డు వచ్చింది. అవ్వ దాన్ని పట్టుకుని వీధంతా చూపించి నవ్వింది.

వాళ్ళు మక్కపిండితో గట్టిగా ముద్ద చేసుకుని చేపల కూరతో తింటారని తెలిసిన రోజు అవ్వ సంబరం చూడాలి. "గిది మన మక్క గట్కనే గదనే! నా సిన్నప్పుడు పొద్దు మాపు గిదే. గింత దూరం నుంచి వచ్చి నా బువ్వ నాకే వెడుతున్రు" అని ఆ రాత్రి వాళ్ళింట్లోనే తింది. ఆదివారం మేజర్ బూట్లు పాలిష్ చేసుకుంటూ పక్కనే ఉన్న అవ్వ తోలు చెప్పులకూ పాలిష్ పెట్టేవాడు. సోమవారం ఆమె మెరిసే చెప్పులతో కూరగాయలకు పోయేది. అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ, "మా మేజరయ్య రుద్దిండు" అని చెప్పేది.

అవ్వంటే ఏమిటో నాకు తెలిసింది కాగితం రోజున.

ఒక ఉదయం మేజర్ మా ఇంటికొచ్చి, టైపు చేసిన కాగితం ఇచ్చి అవ్వకు చదివి వినిపించమన్నాడు. వాళ్ళ పద్ధతి అది. గోడకు మేకు కొట్టాలన్నా దరఖాస్తు రాసేవాళ్ళు. ఈసారి అందులో ఏముందంటే, తమ ఊళ్ళో ఆయన తల్లి చనిపోయింది, వెళ్ళే వీలు లేదు, కాబట్టి ఒక్క సాయంత్రం, రెండు గంటల పాటు, తల్లి ఫోటో పెట్టుకుని నలుగురు స్నేహితులతో కూర్చుని పాటలు పాడుకుని దుఃఖపడడానికి అనుమతి కోరుతున్నాం, చప్పుడు కానివ్వం, తర్వాత గది కడిగి అప్పగిస్తాం. కింద ఇద్దరి సంతకాలు, హోదాలతో సహా.

ఇల్లు వెతికినప్పుడు మేమంతా నేర్పిన పాఠం అది. ఈ ఊళ్ళో కిరాయి ఇంట్లో చావు మాట ఎత్తకూడదని వాళ్ళకు బాగా ఎక్కింది.

అవ్వను మా మెట్ల దగ్గరికి పిలిచి మొత్తం చదివాను. అవ్వ కాగితం లాక్కుని నాలుగు ముక్కలు చేసింది. "తల్లి సస్తే ఏడ్సెటందుకు కాయిదం రాస్తరా? ఎవలు నేర్పిన్రు గీ సదువు? నా ఇంట్ల ఏడ్సెటందుకు కాయిదం అక్కెర్లె. ఆ మాట సెప్పు గా పిలగానికి!" చెప్పాను. అంత మనిషి మా మెట్ల మీద కూర్చుండిపోయాడు.

ఆ సాయంత్రం పై పోర్షన్‌లో కాదు, కింద అవ్వ ముందరి గదిలోనే ఆ తల్లి ఫోటో పెట్టారు. అవ్వ దీపం వెలిగించింది. వాళ్ళ భాషలో వాళ్ళు పాడారు. తన భాషలో అవ్వ శోకం తీసింది. "ఎన్నడు సూడని వదినా" అని పిలిచి మరీ ఏడ్చింది. ఆ రోజు నుంచే వాళ్ళకు అది ఇల్లయిందని కెప్టెన్ తర్వాత నాతో అంది.

మర్నాడే కాలనీ సంఘం అధ్యక్షుడు వచ్చాడు. ఫారినోళ్ళు, పాటలు, గుంపు, ఏదైనా అయితే పరేషాన్, ఖాళీ చేయిస్తే మంచిదని సలహా చెప్పాడు. అవ్వ చేప పొలుసు తీస్తూనే వింది. "నీ ఇంట్ల నువ్వు సెప్పు. నా ఇంట్ల నేను సెప్త. జల్దీ పో, వాసనొస్తది" అంది.

చలికాలంలో పాప పుట్టింది. అవ్వే స్నానాలు పోసింది. హోలీ దాటాక అవ్వ జారిపడి తుంటి విరిగింది. దవాఖానకు దగ్గరని కొడుకు బౌరంపేట తీసుకుపోయాడు. పోతూ పోతూ అవ్వ కింది పోర్షన్ తాళం కెప్టెన్ చేతిలో పెట్టింది. "పసిపిల్లతోని మెట్లెక్కుడేంది, కిందికి దిగుండ్రి. నేనొచ్చినంక జూసుకుందాం." ఆమె తిరిగి రావడం గురించే ఇప్పుడు కొడుకు నన్ను అడుగుతున్నాడు.

"ఇంకెక్కడికి? తూంకుంటకు తీసుకురా" అన్నాను. ఎదురింటికి వెళ్ళి కెప్టెన్‌కు అవ్వ పోయిందని, తెస్తున్నారని చెప్పాను. లోపల పెట్టనిస్తారా అని ఆమెను అడగలేదు, అడిగే అర్హత నాకు లేదు.

బండి వచ్చేసరికి అధ్యక్షుడు సిద్ధంగా ఉన్నాడు. పక్కన ఖాళీ ప్లాటులో టెంటు వేయిస్తానన్నాడు. కిరాయిదార్లున్న ఇల్లు, చంటిపిల్ల ఉంది, పైగా ఫారినోళ్ళు, రేపు కంప్లైంటిస్తే ఎవరిది బాధ్యత అన్నాడు. ఆ ప్లాటులో రాళ్ళు కాలుతున్నాయి. భర్తకు వానలో తాటిపత్రి, భార్యకు ఎండలో టెంటు! అరుద్దామని నోరు తెరిచాను. నా పై పోర్షన్ గుర్తొచ్చి మూసుకున్నాను.

కొడుకు మెట్లెక్కి మేజర్‌కు చేతులు జోడించాడు. తల్లి ఇంటి ముందు నిలబడి, వచ్చీరాని ఇంగ్లీషులో, "సార్, ప్లీజ్. ఒన్లీ వరండా. వన్ అవర్ సార్" అన్నాడు. అతన్ని తిట్టడానికి కూడా నాకు మనసు రాలేదు. కిరాయికిచ్చిన ఇంట్లోకి శవం రాకూడదన్న నియమం అతని నెత్తుట్లోనూ ఇంకిపోయింది.

మేజర్ యూనిఫాంలో ఉన్నాడు. అతని వెనక ముందరి గది ఖాళీగా కనబడుతోంది. మంచం లేదు, ఊయల లేదు. కడిగిన బండలు ఇంకా తడిగా ఉన్నాయి. కెప్టెన్ కొంగు దోపినట్టు గౌను దోపుకుని తలుపు రెండు రెక్కలూ బార్లా తెరిచి పట్టుకుంది.

"కాయిదం అక్కెర్లె" అన్నాడు మేజర్.

కొడుకుకు అర్థం కాలేదు. నాకు అర్థమైంది. మేజర్ బూట్లు విప్పి మెట్లు దిగి వచ్చాడు. "అవ్వ ఇల్లు. లోపలికి" అంటూ స్ట్రెచర్‌కు ఒక పక్క పట్టాడు.

అలా అవ్వ తన ఇంట్లోకి వచ్చి, తన గదిలో పడుకుని, తన గుమ్మంలోంచి వెళ్ళింది. సాయంత్రానికి వీధి మొగదల అశ్రునివాళి ఫ్లెక్సీ లేచింది. అవ్వ ఫోటో అగ్గిపెట్టెంత, అధ్యక్షుడి ఫోటో కిటికీ అంత. కింద 'మా కాలనీ తల్లి' అని రాయించారు. సిగ్గులేనితనానికి రంగులు కూడా వేయించగలరని అప్పుడే చూశాను. ఇంటికొచ్చి మా టులెట్ బోర్డు మీద 'చిన్న ఫ్యామిలీకి మాత్రమే, వెజిటేరియన్స్‌కి మాత్రమే' అన్న అక్షరాలు గీకేశాను. ఇప్పుడు గీకి ఏం లాభమని మా ఆయన అడిగాడు. ఏం లాభమో నాకూ తెలియదు.

మనిషిని పడుకోబెట్టిన చోట పదకొండు రోజులు దీపం ఆరకూడదని కెప్టెన్‌కు చెప్పింది నేనే. కొడుకు రోజూ వచ్చి నూనె పోసి వెళ్తానన్నాడు. ఆ అవసరం రాలేదు. మేజరూ కెప్టెనూ గోడకు డ్యూటీ చార్టు అంటించి వంతులు వేసుకున్నారు. వాళ్ళ చదువు ఈ నెలతో అయిపోతుంది, ఆ తర్వాత వాళ్ళ దేశం.

పదో రోజు మధ్యాహ్నం నేను వెళ్ళేసరికి రోడ్డు మీద తారు కరుగుతోంది. దీపం ఆరిపోతుందని అన్ని రోజులుగా ఆ గదిలో ఫ్యాన్ వేయలేదు. పాప చెమటతో తడిసి చాప మీద నిద్రపోతోంది. కెప్టెన్ అవ్వ తాటాకు విసనకర్రతో పాపకు విసురుతోంది. ఆ గాలి అటు పోకుండా, దీపానికి తన వీపు అడ్డం పెట్టి కూర్చుంది.