నీళ్ల ట్యూబుల లేచిన గీత

బోధన్ పక్క ఊరి నుంచి ఒక అవ్వ చేతి చీము మా ల్యాబుకు మూడుసార్లు వచ్చింది. ఆ మూడుసార్ల నడుమ నేను చానామందిని అనుమానించిన. అందుల ఒకాయన నాకు పని నేర్పినాయన.

నేను నిజామాబాద్‌ల ఒక దవాఖానల ల్యాబ్ టెక్నీషియన్‌ను. పుండ్ల చీముల ఏ బ్యాక్టీరియా ఉన్నది, దానికి ఏ మందు పనిచేస్తది అని చూసుడు నా పని. అవ్వకు యాభై దాటినయి. బీడీలు చుడతది, ఇంట్ల రెండు బర్రెలున్నయి. చెరుకు కొట్టుడుకు పోయినప్పుడు ఎడమ అరచెయ్యి తెగింది. కోతలప్పుడు అటు దిక్కు నుంచి ఇసొంటి గాయాలు మస్తుగ వస్తయి, కట్టు కడితే పదిరోజులల్ల మానుతయి. ఈ చెయ్యి నెలయినా మానలే.

చీముల స్టాఫ్ అనే, పుండ్లల్ల మామూలుగ కనబడే బ్యాక్టీరియా పెరిగింది. ప్లేటు మీద మందు బిళ్లలు పెట్టి తెల్లారి చూస్తే, ముఖ్యమైన బిళ్ల చుట్టూ ఏమీ పెరగని గుండ్రం సాఫ్‌గ ఉన్నది. అంటే ఆ మందు పనిచేస్తదన్నట్టు. రిపోర్టు అట్లనే పోయింది. అదే వారం మేం కరోనానాటి పీసీఆర్ మిషన్ల ఒక కొత్త కిట్ పెట్టి చూస్తున్నం. బ్యాక్టీరియాను మందుకు లొంగకుండ చేసే జీన్ ఒకటున్నది, మెక్-ఎ అంటరు. అది ఉంటే తెర మీద గీత పైకి లేస్తది. అవ్వ శాంపిల్‌కు గీత లేచింది. ప్లేటు పనిచేస్తది అంటున్నది, మిషన్ పనిచెయ్యది అంటున్నది.

దేన్ని నమ్మాలె అని చూస్తుండంగనే ఇంకోటి కనబడ్డది. ఉత్త నీళ్లు పోసిన ట్యూబుల కూడ చివరికి సన్నగ గీత లేచింది. ఆ నీళ్ల ట్యూబు పెట్టేదే మా చేతులతోని ఏమన్న కలిసిందా అని తెలుసుకునేటందుకు. నీళ్లల్ల గీత లేచిందంటే ఎవరో ఒకరు కలిపినట్టే.

ఆ మిషన్ ముట్టేది ఇద్దరమే. ఒకరు నేను, ఇంకొకరు నాకంటె పదేండ్లు పెద్దాయన. అన్న అని పిలుస్త. చుక్కలు కొలిచి పోసే పైపెట్ పట్టుడు నాకు ఆయనే నేర్పిండు. గ్లౌజులు తియ్యకుండనే ఆయన ఫోన్ ఎత్తుడు ఒకసారి చూసిన. నా అనుమానానికి అదొక్కటి సరిపోయింది. ఆయనకు చెప్పకుండ నా పైపెట్‌ను బీరువల పెట్టి తాళమేసిన. నీళ్ల సీసా మూత మీద పెన్నుతోని గుర్తు పెట్టిన, నేను లేనప్పుడు తిప్పితే తెలుస్తదని. ఆయన ట్రే తీసినా, ఫ్రిజ్ తెరిచినా ఓరకంట చూస్తనే ఉన్న.

మూడోనాడు ఆయన నా పక్కకు స్టూల్ జరుపుకొని కూసున్నడు.

"మూత మీద గుర్తు నువ్వే పెట్టినవా?"

నేను అవునన్న.

"అడిగితే చెప్తుంటి గద చెల్లె. ఆ దినం ఆ సీసాను నేను ముట్టనేలేదు."

కోపం చెయ్యలే. చేస్తే నాకు ఇంత కష్టం అనిపియ్యకపోవు. ఆయన లేచిపోయినంక నా నోట్‌బుక్ తీసి, ఆ దినం ఏది ముందు చేసిన్నో ఏది ఎనుక చేసిన్నో చదువుకున్న. జీన్ ఉన్నదని ముందే తెలిసిన ట్యూబు ఒకటి పోల్చుకునేటందుకు పెడతం. దాన్ని ముందు తెరిచి, అవే గ్లౌజులతోని నీళ్ల ట్యూబు నింపిన. తప్పు నాదే. పోయి అన్నకు చెప్పిన. తలూపి తన పనిల పడ్డడు. చాన రోజులు నాతోని పనిమాట తప్ప ఇంకోమాట మాట్లాడలే.

నీళ్లకొక గది, శాంపిళ్లకొక గది చేసి మళ్ల మొదటికెల్లి చేసిన. ఈసారి నీళ్లల్ల ఏ గీతా లేదు. అవ్వ శాంపిల్ మాత్రం లేచింది.

ల్యాబుకు పెద్ద అయిన మేడం నమ్మలే. ఒకసారి కలిపిన చెయ్యి మళ్ల కలపదా అని నోటితోని అనలే గాని, అడిగిందే అడిగిండ్రు. ఇంతల్నే అవ్వ మళ్ల వచ్చింది. వారం దినాలు మందు మింగినా చీము కారుతనే ఉన్నది. గోలీలు సక్కగ ఏసుకోలేదేమో అని డాక్టరు అనుమానం, నాకూ అదే. అవ్వ ప్లాస్టిక్ కవర్ల నుంచి గోలీల పట్టీలు తీసి బల్ల మీద వరుసగ పరిచింది. అన్నీ ఖాళీ.

ఆ రెండో చీమును ప్లేటు మీద పెట్టి చూస్తే, గుండ్రం ఉన్నది గాని దాని లోపట మందును తట్టుకున్న బ్యాక్టీరియా సూదిమొనలంత చుక్కలుగ లేస్తున్నది. జీన్ మొదటి నుంచే ఉన్నది, మందు తగిలినంక బయటపడ్డది. మేడం ప్లేటును కిటికీ దగ్గరికి తీస్కపోయి చానసేపు చూసిండ్రు. డాక్టరుకు ఫోన్ చెయ్యి, మందు మార్చమను అన్నరు.

మందు మారినంక చేతి పుండు ఎండవట్టింది. నా అనుమానం మాత్రం తీరలే. ఆ జీన్ ఆమె చేతికి యాడికెల్లి వచ్చింది? ఒక ఆదివారం బస్సెక్కి అవ్వ ఊరికి పోయిన. అవ్వ బర్రెల కొట్టం చూపెట్టింది. పెద్ద బర్రె పొదుగు ఒక దిక్కు వాచి ఉన్నది. అది ఎన్నాళ్ల సంది అంటే, చెయ్యి తెగకముందు సంది అన్నది. మందుల షాపుల సూదిమందు తెచ్చి ఏపిస్తున్నదట, వాపు తగ్గంగనే ఆపుతున్నదట, మళ్ల రాంగనే మళ్ల తెస్తున్నదట. ఖాళీ సీసాలు దూలం సందుల ఉన్నయి. అవ్వకు మేమిచ్చిన మొదటి గోలీలు, ఆ సూదిమందు ఒక జాతియే.

పరీక్షకని ఆ బర్రె పాలు సీసల పడుతుంటె ఆడోళ్లు నలుగురు వచ్చి నిలబడ్డరు. డెయిరీ నుంచి వచ్చినవా, పాలల్ల నీళ్లు కలిపితే పట్టుకునేటందుకా అని అడిగిండ్రు. కాదంటె ఎవలూ నమ్మలే.

పాలల్ల స్టాఫ్ ఉన్నది, అందుల మెక్-ఎ ఉన్నది. మనది మనుషుల ల్యాబ్, రిపోర్టు ఇయ్యలేం అన్నరు మేడం. నేను పశువుల డాక్టరుకు ఫోన్ చేసి చెప్పిన. ఆయన పోయి షాపు సూదులు బంద్ చేపిచ్చి, మందు మార్చిండు.

మూడోసారి అవ్వ చేతి శాంపిల్‌ల ఏమీ పెరగలే. ఆ మాట చెప్తే సంతోషపడలే, నా మొఖంల మొఖం పెట్టి చూసింది.

"బర్రె నాకిచ్చిందా బిడ్డా, నేను బర్రెకిచ్చిన్నా?"

"తెల్వదవ్వా. రెండిట్ల ఒకటే జీన్ ఉన్నది. రెండూ ఒకటే బ్యాక్టీరియానా అంటే మా మిషన్ చెప్పది."

తెల్సి కూడ దాస్తున్న అనుకున్నది. ఆ చూపు నాకు ఎరుకే, కొన్నాళ్లు నేను అన్న దిక్కు అట్లనే చూసిన. పోయేముందు, ఇప్పుడు సబ్బుతోని చేతులు కడిగినంకనే పాలు పిండుతున్న అని చెప్పింది. ఆ సబ్బు వాసన కొత్తదాయె, బర్రె దగ్గరికి రానిస్తలేదట, తంతున్నదట.